తొమ్మిదో ప్రశ్న దగ్గర ఆగిన పెన్ను: రెడ్ ఫ్లాగ్ చట్టం, ఒక తుపాకుల యజమాని, ఒక వైద్యురాలు

కొలరాడో రాష్ట్రంలోని ఒక పల్లె కౌంటీలో, చిన్న క్లినిక్‌లో, నేను మానసిక వైద్యురాలిగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఇళ్లలో తుపాకులుంటాయి. వాళ్లకు అవి పనిముట్లు, వేట సామగ్రి, తాతల నాటి ఆస్తి. వాళ్లలో ఒకరి కథను, ఆయన అనుమతితో, ఇక్కడ రాస్తున్నాను. ఆయన్ను గుర్తుపట్టే వీలు లేకుండా వయసు, వృత్తి, కుటుంబం, కాలక్రమం కొంత మార్చాను; నేను తీసుకున్న నిర్ణయాలను, వాటిలోని తప్పులను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. ఈ కేసు ఎందుకు రాయాలనిపించిందంటే, రెడ్ ఫ్లాగ్ చట్టమంటే భయపడే మనిషిని మొండివాడిగానో, రాజకీయం మాట్లాడుతున్నవాడిగానో పక్కన పెట్టేస్తే, ఆ మనిషి ప్రాణం గురించి మనం తెలుసుకోవలసిన ఒక్క సంగతీ మన చెవిన పడకుండా పోతుందని నాకు దీనివల్లే తెలిసింది.

చట్టం గురించి కొంత

రెడ్ ఫ్లాగ్ చట్టమని జనం పిలిచేదాన్ని కొలరాడోలో ఎక్స్‌ట్రీమ్ రిస్క్ ప్రొటెక్షన్ ఆర్డర్ అంటారు. ఒక మనిషి తనకు గానీ ఇతరులకు గానీ ప్రమాదం తలపెట్టే స్థితిలో ఉన్నాడని కోర్టును ఒప్పించగలిగితే, కొంతకాలం ఆయన దగ్గర తుపాకులు ఉండకూడదని, కొత్తవి కొనకూడదని జడ్జి ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఇది క్రిమినల్ కేసు కాదు. నేరం మోపరు, జైలు ఉండదు. 1999లో కనెక్టికట్‌తో మొదలైన ఈ తరహా చట్టాలు, 2018లో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ పాఠశాల కాల్పుల తర్వాత చాలా రాష్ట్రాలకు వ్యాపించాయి. కొలరాడో 2019లో చట్టం చేసింది. 2017 డిసెంబరు 31న డగ్లస్ కౌంటీలో కాల్పుల్లో మరణించిన డెప్యూటీ (కౌంటీ పోలీసు అధికారి) జాకరీ పారిష్ పేరు దానికి పెట్టారు. 2020 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మొదట పోలీసులు, కుటుంబ సభ్యులు, ఒకే ఇంట్లో ఉండేవారు మాత్రమే పిటిషన్ వేయగలిగేవారు. 2022 నవంబరులో కొలరాడో స్ప్రింగ్స్‌లోని క్లబ్ క్యూ అనే నైట్‌క్లబ్‌లో జరిగిన కాల్పుల్లో ఐదుగురు చనిపోయాక, 2023లో వైద్యులకు, మానసిక చికిత్సకులకు, ఉపాధ్యాయులకు, డిస్ట్రిక్ట్ అటార్నీలకు (ప్రభుత్వ ప్రాసిక్యూటర్లకు) కూడా ఆ హక్కు ఇచ్చారు. అంటే ఆ ఏడాది నుంచి నా లాంటివాళ్లు కూడా కోర్టుకు వెళ్లవచ్చు.

ప్రక్రియ రెండు మెట్లలో నడుస్తుంది. మొదటి మెట్టులో అవతలి మనిషికి కబురు లేకుండానే, పిటిషన్ వేసిన రోజునో మర్నాడో జడ్జి విని, సాక్ష్యం మొగ్గు అటువైపే ఉందనిపిస్తే తాత్కాలిక ఉత్తర్వు ఇస్తారు. పద్నాలుగు రోజుల్లోపు రెండో మెట్టు, అంటే పూర్తి విచారణ జరగాలి. అక్కడ ప్రతివాదికి ప్రభుత్వ ఖర్చుతో లాయరు ఉంటారు; సాక్ష్యం స్పష్టంగా, నమ్మదగినదిగా ఉండాలి; అలా ఉంటేనే 364 రోజుల ఉత్తర్వు వస్తుంది. మధ్యలో ఒకసారి దాన్ని ఎత్తేయమని ప్రతివాది కోరవచ్చు.

మన ఊళ్లనుంచి ఫోన్ చేసే బంధువులకు ఇదంతా చెబితే, ఇందులో అంత గొడవ పడవలసిందేముందని అడుగుతారు. ఎన్నికల నోటిఫికేషన్ రాగానే లైసెన్సున్నవాళ్లు తుపాకులు తీసుకెళ్లి పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకోవడం ఆంధ్రలోనూ తెలంగాణలోనూ అందరూ ఎరిగినదే. 1959 నాటి మన ఆయుధాల చట్టం కింద తుపాకీ అన్నది ప్రభుత్వం ఇచ్చే అనుమతి. ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోవచ్చు. ఇక్కడి మనిషి దృష్టిలో అది రాజ్యాంగపు రెండో సవరణ రాసిపెట్టిన హక్కు, ఎవరూ ఇచ్చింది కాదు. ఈ తేడా మనసుకు పట్టకపోతే ఈ కేసు అర్థం కాదు. నాకే పట్టడానికి చాలా కాలం పట్టింది.

మనిషి, సమస్య

ఆయన్ను పెద్దాయన అని పిలుస్తాను. అరవైకి దగ్గర పడిన వయసు. పశువులున్న కుటుంబం, కంచెలు వేయడం, యంత్రాలు బాగుచేయడం పని. రెండేళ్ల కిందట నడుముకు దెబ్బ తగిలింది. వాడుతున్న నొప్పి మందులను డాక్టరు తగ్గిస్తూ వస్తుండగా ఫిబ్రవరిలో భార్య క్యాన్సర్‌తో చనిపోయింది. ఆయనకు నిద్ర దూరమైంది, ఆ చోటులోకి విస్కీ వచ్చింది. ఒక్కతే కూతురు, పెళ్లయి వేరే రాష్ట్రంలో ఉంటుంది. ఇంట్లో రైఫిళ్లు, షాట్‌గన్లు కలిపి పదకొండు, ఒక పిస్టల్, ఒక రివాల్వర్. ఆ రైఫిళ్లలో ఒకటి ఆయన తాతది.

వేసవిలో ఆయన ఫ్యామిలీ డాక్టరు నా దగ్గరికి పంపారు. కాగితాలతో పాటు పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నపత్రం వచ్చింది. కుంగుబాటు కొలవడానికి వాడే తొమ్మిది ప్రశ్నలవి. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు వరకు గుర్తు పెట్టాలి. మొదటి ఎనిమిదింటికే ఆయనకు 21 వచ్చింది, అంటే తీవ్రమైన కుంగుబాటు. చచ్చిపోతే బాగుండునన్న తలపు వస్తోందా అని అడిగే తొమ్మిదో ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. ఆ వరుసలో సున్నాకూ ఒకటికీ మధ్య ఒక నీలి సిరాచుక్క ఉంది. పెన్ను ఆనించి కాసేపు అలాగే ఉంచితే కాగితం పీల్చుకునేంత పెద్ద చుక్క. జవాబు లేని మనిషి ఆ ప్రశ్నను దాటి వెళ్లిపోతాడు; ఈయన ఆగి, ఆలోచించి, రాయకూడదని నిర్ణయించుకున్నాడని నాకు అనిపించింది.

అమెరికాలో తుపాకీతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. తుపాకీతో చేసే ప్రయత్నాల్లో పదింట దాదాపు తొమ్మిది ప్రాణం తీస్తాయి. మాత్రలు మింగినవారిలో అత్యధికులు బతుకుతారు. ఆత్మహత్య తలంపు చాలాసార్లు కొద్ది గంటల ఉద్ధృతి. ఆ గంటల్లో చేతికి ఏది అందుతుందన్నదే తేడా. అందుకే నాకు తుపాకుల ప్రశ్న చికిత్సలో భాగం. ఆయనకు మాత్రం అది కౌంటీ వేసే ప్రశ్న.

మొదటి తప్పు

మొదటి సందర్శనలోనే, మా ఫారంలో ఉన్న వరుస ప్రకారం, మద్యం తర్వాత తుపాకుల గురించి అడిగాను. "మా ఇంట్లో ఏముందో నేను చెప్పను" అన్నారు. దాపరికం లేకుండా ఉండాలన్న ఆలోచనతో, 2023 నుంచి నాకు కోర్టుకు వెళ్లే అధికారం ఉందని, అవసరమైతే తప్ప దాన్ని వాడనని చెప్పాను. నా మనసులో అది నిజాయితీ. ఆయన చెవికి అది బెదిరింపు. టోపీ తీసుకుని లేచారు. తర్వాతి అపాయింట్‌మెంట్‌కు రాలేదు.

అప్పుడే పిటిషన్ వేయవలసిందా అని తర్వాత చాలామంది అడిగారు. నా లెక్క ఇది: కుంగుబాటు తీవ్రం, మద్యం ఉంది, ఒంటరితనం ఉంది, తుపాకులున్నాయి. కానీ చస్తానని ఆయన ఎవరితోనూ అనలేదు, గతంలో ప్రయత్నం లేదు, ఎవరినీ బెదిరించలేదు. రాయని జవాబునూ సిరాచుక్కనూ సాక్ష్యంగా పట్టుకుని కోర్టుకు వెళ్లడం న్యాయం కాదు. పైగా ఆ కాగితంతో నేను వెళ్తే, డాక్టరు దగ్గర నోరు తెరిస్తే తుపాకులు పోతాయని ఈ చుట్టుపక్కల అనుకుంటున్న మాటను నేనే నిజం చేసినదాన్నవుతాను. ఆయనే కాదు, ఇంకా పదిమంది తొమ్మిదో ప్రశ్న దగ్గర ఆగిపోతారు.

అందుకే వారం తర్వాత ఫోన్ చేసి, చికిత్స మాట ఎత్తకుండా, ఆ చట్టమంటే ఆయనకు ఏం భయమో వినాలనుందని చెప్పాను. నలభై నిమిషాలు మాట్లాడారు. నేను రాసుకున్నాను.

ఆయన భయాలు, నా జవాబులు

ఆయన మొదట చెప్పింది, తన మాట వినకుండానే తీర్పు వస్తుందని, తెల్లవారకముందే తలుపు కొడతారని. 2018 నవంబరు 5న మేరీల్యాండ్‌లో అదే జరిగిందన్నారు. అది నిజమే. అక్కడి చట్టం అమలుకు వచ్చి నెల రోజులే అయింది; తెల్లవారుజామున ఐదుంబావుకు ఉత్తర్వు అందించడానికి పోలీసులు వెళ్లారు; ఇంటాయన తుపాకీ పట్టుకుని తలుపు తీశాడు; పెనుగులాటలో తుపాకీ పేలింది, పోలీసులు ఆయన్ను కాల్చి చంపారు. దీనికి నేను ఎదురు వాదన పెట్టలేదు. ఆత్మహత్య తలంపుతో, నిద్ర లేక, పక్కన తుపాకీ పెట్టుకుని ఉన్న మనిషి తలుపును చీకట్లో కొట్టడం ప్రమాదమే. అందుకే ఎప్పుడు, ఎవరు, ఎలా వెళ్తారన్నది చట్టం మాటలకంటే తక్కువ ముఖ్యం కాదని ఆయనతో అన్నాను. ఈ ఒప్పుకోలు తర్వాత నాకే పనికొచ్చింది.

రెండోది, పగబట్టినవాళ్లు అబద్ధం చెబితే ఏం గతి అని. 2020 జనవరిలో ఫోర్ట్ కాలిన్స్‌లో ఒకావిడ, తన కొడుకును కాల్చిన పోలీసు అధికారిపై, ఆయనతో తనకు బిడ్డ ఉందని రాసి పిటిషన్ వేసిన సంగతి ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఆ కథలో ఆయనకు తెలిసింది సగమే. కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. తర్వాత ఆవిడపైనే కేసు పెట్టి, తప్పుడు ప్రమాణం చేసిందని జ్యూరీ తేల్చింది. ఆ రెండో సగం చెప్పినప్పుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, కోర్టు కొట్టేసేలోపు లాయరు ఖర్చు, ఊళ్లో పరువు ఎవరిస్తారని అడిగారు. లాయరు ఖర్చు కొలరాడోలో ప్రభుత్వానిదని చెప్పగలిగాను. పరువు సంగతికి నా దగ్గర జవాబు లేకపోయింది.

మూడోది నన్ను కదిలించింది. తాత రైఫిల్‌ను ఎవరో ఎవిడెన్స్ గదిలో ఇనుప బీరువాలో పడేస్తే తేమకు తుప్పు పడుతుందని, ఏడాది తర్వాత తిరిగొచ్చినా అది అదే తుపాకీ కాదని అన్నారు. ఏడాదికి రెండుసార్లు ఆయన దానికి నూనె పూస్తారు. కర్రభాగం మీద తాత బొటనవేలు ఆని నునుపైన చోటుంది. ఇది రాజ్యాంగ వాదన కాదు. భార్య పోయిన ఏడాదిలో ఇంకో వస్తువు పోతుందన్న భయం. దీనికి చట్టంలోనే దారి ఉంది: పోలీసులకే ఇవ్వాలని లేదు, ఫెడరల్ లైసెన్సున్న తుపాకుల దుకాణానికి అప్పగించవచ్చు. ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు.

చివరిది రికార్డు. పేరు ఒకసారి కంప్యూటర్లోకి ఎక్కితే జన్మలో పోదని ఆయన నమ్మకం. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. కోర్టు బలవంతంగా మానసిక ఆసుపత్రిలో చేర్పిస్తే ఫెడరల్ చట్టం కింద తుపాకీ హక్కు గడువు లేకుండా పోతుంది. రెడ్ ఫ్లాగ్ ఉత్తర్వుకు గడువుంది, అది తీరగానే నిషేధం తీరుతుంది. డాక్టరుతో మాట్లాడటం ఈ రెండింటిలో ఏదీ కాదు. తనంతట తాను చికిత్సకు రావడం వల్ల ఎవరి తుపాకీ హక్కూ పోదు.

రాజ్యాంగం మాట కూడా వచ్చింది. 2024 జూన్‌లో రహీమీ కేసులో సుప్రీంకోర్టు, ఇతరులకు ముప్పని కోర్టు నిర్ధారించిన మనిషిని తాత్కాలికంగా నిరాయుధుణ్ణి చేయడం రెండో సవరణకు విరుద్ధం కాదని 8-1 తేడాతో చెప్పింది. అయితే అది గృహహింస ఉత్తర్వుకు సంబంధించినది. అక్కడ ముందస్తు నోటీసు, విచారణ రెండూ ఉన్నాయి. నోటీసు లేకుండా ఇచ్చే తాత్కాలిక ఉత్తర్వుల సంగతి ఆ తీర్పు నేరుగా తేల్చలేదు. ఆయనకు ఇదీ దాచకుండా చెప్పాను. మర్నాడు ఆయనే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడిగారు.

స్వచ్ఛందంగా చేసిన ఏర్పాట్లు, వాటి చిల్లులు

సెప్టెంబరులో ఆయన ఒప్పుకున్నది, నిద్ర కుదుటపడే వరకు తుపాకులు చేతికి అందకుండా ఉండాలన్నది. కోర్టు లేదు, కాగితం లేదు. మొదటి ఆలోచన, ముప్పై ఏళ్లుగా ఎరిగిన పొరుగాయన ఇంట్లో పెట్టడం. ఇద్దరూ సరేనన్నారు. తీరా చూస్తే కొలరాడోలో దగ్గరి బంధువు కానివాళ్లకు 72 గంటలకు మించి తుపాకీ ఇవ్వాలంటే, 2013 చట్టం ప్రకారం దుకాణంలో బ్యాక్‌గ్రౌండ్ చెక్ (తీసుకునేవారి పూర్వాపరాల తనిఖీ) చేయించాలి. పదమూడు తుపాకులకు ఆ పని చేయించడానికి పొరుగాయన వెనకాడారు. మంచి కోసం చేసే పని తెలియక నేరమైపోయే చోటు ఇది. ముందుగా తెలుసుకోవలసిన బాధ్యత నాది.

కూతురు దగ్గరి బంధువే. ఆమెకు ఇవ్వడానికి అడ్డు లేదు, కానీ ఆమె ఉండేది వేరే రాష్ట్రం. రాష్ట్రాల మధ్య ఇచ్చిపుచ్చుకోవాలంటే మళ్లీ లైసెన్సున్న డీలరు మధ్యలో ఉండాలి. కొలరాడోలో తాత్కాలికంగా తుపాకులు దాచిపెట్టే దుకాణాలు, పోలీసు కార్యాలయాలు ఎక్కడున్నాయో చూపే మ్యాపును 2019 నుంచి కొలరాడో ఫైర్‌ఆర్మ్ సేఫ్టీ కోయలిషన్ నడుపుతోంది. తుపాకుల యజమానులూ వైద్యులూ కలిసి చేసిన పని అది. దానిలో ఒక దుకాణం దొరికింది, కానీ అక్టోబరులో ఎల్క్ (పెద్ద దుప్పి) వేట మొదలవుతుంది, అంతదాకా ఇంట్లోనే ఉండనివ్వండని ఆయన కోరారు. చివరికి కూతురు వచ్చి గన్ సేఫ్ కోడ్ మార్చి, నంబరు తన దగ్గరే ఉంచుకుని వెళ్లింది. సేఫ్‌లో పన్నెండున్నాయి. పదమూడోదాని గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. లెక్క కాగితం నా ఫైల్లోనే ఉంది; రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసుంటే సరిపోయేది.

అక్టోబరు చివరి గురువారం

వేటకు ఆయన వెళ్లలేదు. గురువారం మధ్యాహ్నం పొరుగాయన క్లినిక్‌కు ఫోన్ చేశారు. పెద్దాయన తన కుక్కను తీసుకొచ్చి, సగం వాడిన మేత సంచీ, టీకాల కార్డు, చలికాలంలో వేసే చొక్కాతో సహా అప్పగించి, దీనికి ఎడమ చెవిలో మందు వేయాలని చెప్పి వెళ్లారట. రివాల్వర్ ట్రక్కు సీటు కింద ఉంటుందని కూడా పొరుగాయనే చెప్పారు. కూతురికి ఫోన్ చేస్తే, పండక్కి రావద్దని ముందు రోజు రాత్రి చెప్పారని ఏడ్చింది.

పెద్దాయనకు ఫోన్ చేశాను. తీశారు. మాట ముద్దగా ఉంది. చస్తానని అనలేదు, రేపు మాట్లాడదామన్నారు. రేపు అన్న మాటను నేను నమ్మలేదు.

నా ముందు మూడు దారులున్నాయి. 72 గంటల మెంటల్ హెల్త్ హోల్డ్, అంటే మనిషిని బలవంతంగా పరీక్ష కోసం ఆసుపత్రిలో ఉంచడం ఒకటి. కానీ మనిషిని చూడకుండా రాయాలి. మూడు రోజుల తర్వాత ఆయన అదే ట్రక్కు దగ్గరికి తిరిగి వస్తారు. ఆయన అన్నిటికంటే ఎక్కువ భయపడేదీ దాన్నే. షెరీఫ్ ఆఫీసునే, అంటే కౌంటీ పోలీసులనే పిటిషన్ వేయమని అడగడం రెండోది. పోలీసులు వేస్తే దానితో పాటే సోదా వారెంటు కోసం అఫిడవిట్ కూడా పెట్టాలి, అంటే ఇల్లు వెతుకుతారు. మూడోది నేనే వేయడం. అప్పుడు ఉత్తర్వు అందించి అప్పగించమని అడుగుతారు. మొదటి అడుగులోనే తలుపు తోసుకుని రారు. ఏది ఎక్కువ కఠినమైనదో కాదు, ఏది ఆయన ఇంటి గడప దగ్గర అతి తక్కువ ప్రమాదం తెస్తుందో అదే నాకు కొలబద్ద. నేనే వేశాను. అఫిడవిట్‌లో కుక్క, కూతురి ఫోన్, మద్యం, రివాల్వర్ మాత్రమే రాశాను. భార్య చివరి రోజుల గురించి ఆయన నాతో చెప్పినవేవీ రాయలేదు. ఉత్తర్వుకు అవి అవసరం లేదు.

ఆయనకు ముందుగా చెప్పాలా వద్దా అన్నది అన్నిటికంటే కష్టమైన నిర్ణయం. తన వెనకాల జరుగుతుందన్నదే ఆయన మొదటి భయం, అది తప్పని నేను అనలేదు. కానీ చెప్పాక, ఉత్తర్వు చేరేలోపు మధ్యలో మూడు గంటలు. ట్రక్కు వాకిట్లో ఉంది. చెప్పలేదు. బదులుగా, మేరీల్యాండ్ సంగతి గుర్తుంచుకుని, షెరీఫ్ ఆఫీసును మూడు కోరాను: చీకటి పడకముందు వెళ్లమని, ఆయనకు తెలిసిన డెప్యూటీని పంపమని, పొరుగాయన ముందు నడవనివ్వమని. ఈ రాష్ట్రంలో సగానికి పైగా కౌంటీలు ఈ చట్టానికి వ్యతిరేకంగా తీర్మానాలు చేశాయి. మాదీ అందులో ఒకటే. అయినా ఆ డెప్యూటీ మాట్లాడకుండా బయల్దేరాడు. వాళ్లు గేటు దగ్గర ఉండగా నేను పెద్దాయనకు ఫోన్ చేసి, ఏం చేశానో, ఎందుకు చేశానో చెప్పాను. ఒక నిమిషం నిశ్శబ్దం. తర్వాత ట్రక్కు తాళం పొరుగాయన చేతికి ఇచ్చారట. కూతురు ఫోన్లో కోడ్ చెప్పింది. తాత రైఫిల్‌ను డెప్యూటీ దుప్పటిలో చుట్టి ముందు సీట్లో పెట్టాడు. పదమూడూ నేరుగా దుకాణానికి వెళ్లాయి. ఆ రాత్రి పొరుగాయన పెద్దాయన ఇంట్లోనే పడుకున్నారు.

మర్నాడు ఉదయం పెద్దాయన క్లినిక్‌కు వచ్చారు. నన్ను తిట్టడానికే వచ్చానన్నారు. తిట్టారు. వచ్చారన్నదే నాకు కావలసింది. ఆ గంట చివర్లో మందులకు, మద్యం మానే కార్యక్రమానికి ఒప్పుకున్నారు.

విచారణ

రెండు వారాలయ్యేసరికి నిద్ర వచ్చింది, పది రోజులుగా మద్యం ముట్టలేదు. పిటిషన్ వెనక్కి తీసుకుందామా అనుకుని ఆయన లాయరుకు చెప్పాను. పెద్దాయన వద్దన్నారట, తన మాట జడ్జి వినాల్సిందేనన్నారట.

కోర్టులో లాయరు నన్ను సూటిగా అడిగారు: ఈ రోజు ఆయన వల్ల ఆయనకే ముప్పుందని స్పష్టంగా చెప్పగలరా? రెండు వారాల కిందట చెప్పగలిగాను, ఈ రోజు అంత గట్టిగా చెప్పలేను అన్నాను. పెద్దాయన పది నిమిషాలు మాట్లాడారు, భార్య గురించి, కుక్క గురించి. జడ్జి మధ్యలో ఆపలేదు. సాక్ష్యం చట్టం కోరినంత లేదని 364 రోజుల ఉత్తర్వును నిరాకరించారు. నేను ఓడిపోయాను.

వరండాలో ఆయన నా దగ్గరికి వచ్చి, "ఆ మాట మీరు అక్కడ చెబుతారనుకోలేదు" అన్నారు. ఆ మధ్యాహ్నమే దుకాణానికి వెళ్లి తుపాకులు తెచ్చుకోవడానికి ఆయనకు హక్కుంది. వెళ్లారు, తాత రైఫిల్‌కు నూనె పూసి, నెలసరి అద్దె కట్టి, వసంతం దాకా ఇక్కడే ఉంచమని వచ్చారు.

చట్టం నా వైపు నిలబడితే ఆయన భద్రంగా ఉంటారని నేను అనుకున్నాను. ఆయన వైపు కూడా నిలబడగలదని కళ్లారా చూశాకే ఆయన భద్రమైన పని చేశారు. అడ్డంకిగా నేను తిట్టుకున్న ఆ కఠినమైన సాక్ష్య ప్రమాణమే చికిత్సను నిలబెట్టింది. డిసెంబరులో మళ్లీ పీహెచ్‌క్యూ-9 ఇచ్చాను. మొత్తం తొమ్మిది వచ్చింది. తొమ్మిదో ప్రశ్నకు ఒకటి అని గుర్తు పెట్టారు. సున్నా అని ఉంటే నేను అంత నమ్మేదాన్ని కాదు.

ఇప్పుడు నేను చేసే పని

తుపాకుల గురించి ఫారం వరుసలో అడగడం మానేశాను. ముందు ఆ మనిషికి చట్టం గురించి ఏం తెలుసో అడుగుతాను. తర్వాతే ఒక పేజీ కాగితం ఇస్తాను. ఎవరు పిటిషన్ వేయగలరు, లాయరు ఎవరిస్తారు, దుకాణంలో పెట్టవచ్చా, ఎప్పుడు తిరిగొస్తాయి అన్నవి అందులో ఉంటాయి. నా అధికారం సంగతి కూడా ఉంటుంది, కానీ చివరి పేరాలో. ఉన్న తుపాకులు ఎన్ని, భద్రపరిచినవి ఎన్ని అని రెండు అంకెలు పక్కపక్కనే రాస్తాను. 72 గంటల నిబంధనను పొరుగువారి మాట రాకముందే చెబుతాను. కనెక్టికట్‌లో జరిగిన అధ్యయనం ప్రకారం, ఇలా తుపాకులు తీసిన ప్రతి పది నుంచి ఇరవై సందర్భాలకు ఒక ఆత్మహత్య తప్పిందని అంచనా. తక్కినవారిలో చాలామంది ఏమీ చేసుకోకపోయి ఉండేవారు, కానీ తలుపు చప్పుడు వాళ్లూ విన్నారు. పిటిషన్ రాసే ప్రతిసారీ ఆ రెండు లెక్కలూ నా ముందుంటాయి.

ఏప్రిల్‌లో పన్నెండు తుపాకులు ఇంటికి తిరిగి వెళ్లాయి. రివాల్వర్‌ను దుకాణంలోనే ఉంచారు. ఎప్పుడు తెచ్చుకుంటారని నేను అడగలేదు. కుక్క కూడా ఇంటికి వచ్చింది. నెలకోసారి వస్తున్నారు. ఆ గురువారం మూడు గంటల పాటు తనకు చెప్పకుండా ఉండటం మాత్రం తప్పేనని ఆయన ఇప్పటికీ అంటారు. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ చెప్పనని నేను అంటాను. ఆ మాట దగ్గర ఇద్దరం ఆగి, నిద్ర ఎలా ఉందన్న ప్రశ్నకు వెళ్తాం.